పళ్ళెంలో ముత్యాలు

చెంగ్డూలో మొదటి చలికాలం.
తావ్ మాస్టారు నా మూడు వేళ్ళను
తన మణికట్టు మీద తనే సర్దుకుని,
"జారే నాడి అంటే
పళ్ళెంలో ముత్యాలు దొర్లినట్టు" అన్నారు.
తరగతంతా తల వంచి రాసుకుంది.
నాకు నవ్వొచ్చింది.
ఎందుకని అడిగితే
వచ్చీరాని చీనీలో చెప్పాను:
మా అమ్మ పత్తర్‌గట్టీలో ముత్యాలు గుచ్చుతుంది,
ఆ చప్పుడే నా జోల.

వెళ్ళేముందు అమ్మ అన్నది కూడా చెప్పాలనుకున్నాను,
"సూదులు గుచ్చనీకి గంత దూరమెందుకే,
నా తాన లేవా?"
ఆ మాటకు చీనీ దొరకలేదు.

మిగతా ఇరవై ఏడు నాడులు
అంత సులువుగా చేతికి రాలేదు.
నీళ్ళమీద చెక్క తేలినట్టు ఒకటి,
బిగించిన తీగలా ఒకటి.
కత్తితో వెదురు గీకినట్టుండే నాడి కోసం
హాస్టల్లో కనపడ్డ చెయ్యల్లా పట్టాను.
కజక్ పిల్ల ఆయ్‌గుల్ చెయ్యి,
మొంబాసా నుంచి వచ్చిన జుమా చెయ్యి,
చివరికి గేటు దగ్గర ముసలి వాచ్‌మన్‌ది.
దొరికింది!
పరీక్ష పాసైనట్టు మెరిసిన నా మొహం చూసి
ఆయన భయంగా చెయ్యి లాక్కున్నాడు.
ఆ మెరుపు తలచుకుంటే
ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మోకాలి చిప్ప కింద ఒక చోటుంది,
అక్కడ సూది దించితే
సొమ్మసిల్లినవాడు కూడా ఇంకో మూడు కోసులు నడుస్తాడట.
ఎంత కిందో కొలవడానికి వాళ్ళకొక లెక్కుంది,
నేను నోట్సులో "బెత్తెడు" అని రాసుకున్నాను.
నా కాలి మీదే నేర్చుకున్నాను.
ఆ రాత్రి నడిచాను కూడా,
మంచులో, మిరపకాయల ఘాటు వీధుల్లో,
ఇంటికి ఫోన్ చేయకుండా.

ఐదేళ్ళకు ఎర్రముద్ర వేసిన పట్టాతో దిగాను.
కోఠీ ఆఫీసులో గుమాస్తా
దాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి,
"ఇది దేంట్లకొస్తది మేడం?" అన్నాడు.
ఏ గడిలోనూ పట్టలేదు.

ఇప్పుడు అమ్మ పనిచేసే కొట్లోనే బిల్లులు రాస్తున్నాను.
ముత్యాలు అక్కడినుంచే వస్తాయి,
చైనా చెరువుల నుంచి, ప్లాస్టిక్ సంచుల్లో.
నేను అటు వెళ్ళిన ఏళ్ళన్నీ
అవి ఇటు వస్తూనే ఉన్నాయి.
సంచి మీది అక్షరాలు చదివిపెట్టమని
ఖుద్రత్ చాచా కళ్ళజోడు ఎత్తాడు.
"తడి తగలనివ్వొద్దని రాశారు చాచా."
"పానీ మే పైదా హువా, పానీ సే దూర్?"
నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.
అతిమధురం నమలమన్నాను.
అది వైద్యం కిందికి రాదు కదా.

మొన్న మధ్యాహ్నం గిరాకీ లేదు.
కౌంటర్లో నస్రీన్ చెయ్యి చాపింది,
జాతకం చెప్పించుకునేదానిలా.
పెళ్ళై నాలుగు నెలలు,
గోళ్ళ చివర ఇంకా గోరింటాకు నెలవంకలు.
మూడు వేళ్ళు ఆనించాను.
బయట ఆటోల హారన్లు, గాజుల బేరాలు,
ఏవీ ఆగలేదు,
నాకే వినపడలేదు.

జారింది.
మూడో వేలి కింద,
గుండ్రంగా, తడిగా,
ఒకటి వెనక ఒకటి.

"ఏముంది బాజీ?"
డాక్టరన్న మాట రాసుకునే హక్కు లేదు నాకు.
"రేపొకసారి పేట్లబుర్జు ఆస్పత్రికి పోయిరా,
మీ అత్తను తోడు తీసుకుపో."
"బీమారీ?"
కాదన్నాను. కాదనే అనుకుంటున్నానన్నాను.
నవ్వాలో వద్దో తెలియక
నా మొహంలోకి చూసింది,
ఆ వాచ్‌మన్ చూసినట్టే.
అప్పుడు మొహం ఎలా పెట్టుకోవాలో
ఐదేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

వెనక చాచా కొత్త సంచి విప్పి
స్టీలు పళ్ళెంలోకి కుమ్మరించాడు.